హార్మోన్ సూది ఇచ్చినా బర్రెకు మాయ ఎందుకు పడలేదు? గర్భసంచిలో ఎంజైములు తయారయ్యే తీరు

తమ్ముడూ, నీ ప్రశ్న మంచిది. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. దేవరకొండ దగ్గరి ఒక తండాలో ముర్రా బర్రెకు ఈనడానికి ఇంకా రెండు వారాలకు పైగా ఉండగానే యోని భాగం బయటికి జారడం మొదలైంది. లోపలికి నెట్టి కుట్లు వేసినా నిలవలేదు. డాక్టర్ గారు డెక్సామెథాసోన్ (కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ మందు), క్లోప్రోస్టెనాల్ (ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ రకం మందు) సూదులు ఇచ్చి ముందే ఈనించారు. రెండో రోజు రాత్రి ఈనింది, దూడ బతికింది. కానీ మర్నాడు సాయంత్రానికి కూడా మాయ పడలేదు. ఆక్సిటోసిన్ ఇచ్చినా కదల్లేదు. పల్లెల్లో పశువులకు సెమెన్ వేసే గోపాలమిత్రగా పనిచేస్తున్న నువ్వు అడిగింది ఇది: "హార్మోన్ వల్లే ఎంజైములు తయారవుతాయని, ఆ ఎంజైములే మాయను విడదీస్తాయని చదివాను. హార్మోన్ ఇచ్చాం కదా సార్, మరి ఎంజైమ్ ఎందుకు రాలేదు? అసలు సూదిలో ఉన్న మందు గర్భసంచిలో ఎంజైమును ఎలా పుట్టిస్తుంది?"

ముందు సూటిగా చెబుతాను. హార్మోన్ ఎంజైమును తయారుచేయదు. తయారుచేసేది కణం. హార్మోన్ ఆ కణానికి "ఫలానా జన్యువును చదువు" అని చెబుతుంది, అంతే. కణం ఆ జన్యువును చదవాలి, దాని నకలు తీయాలి, ఆ నకలును బట్టి ప్రోటీన్ అల్లాలి, ఆ ప్రోటీన్ చాలినంత పోగుపడాలి. దీనికి గంటలు పడుతుంది, కొన్ని పనులకు రోజులు పడుతుంది. మీ బర్రె విషయంలో ఈనడానికి కావలసిన ఎంజైములు ఆ రెండు రోజుల్లో తయారయ్యాయి. మాయ ఊడటానికి కావలసినవి కాలేదు.

ఆక్సిటోసిన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది పొరపాటు పడేది అక్కడే. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ ఇస్తే నిమిషంలో పొదుగు దిగుతుంది. అది చూసి హార్మోన్లన్నీ అలాగే పనిచేస్తాయని అనుకుంటాం. అక్కడ కొత్తగా ఏదీ తయారు కానక్కర్లేదు. పొదుగులోని సన్నటి కండర కణాలకు ఆక్సిటోసిన్‌ను పట్టుకునే రిసెప్టర్లు ముందే ఉన్నాయి, ముడుచుకునే యంత్రాంగం ముందే ఉంది. హార్మోన్ తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది, కండరం బిగుస్తుంది. ఇది పొలంలో మోటారు స్విచ్ వేస్తే నీళ్లు రావడం లాంటిది. ఎంజైమును పుట్టించడమంటే కొత్తగా బోరు వేయించి, కేసింగ్ దింపి, మోటారు బిగించి, కరెంటు కనెక్షన్ తెచ్చుకోవడం. రెండూ నీళ్ల పనులే, కానీ పట్టే సమయం వేరు. ఇంకో సంగతి. గర్భసంచి మీద ఆక్సిటోసిన్ గట్టిగా పనిచేయాలంటే అక్కడ రిసెప్టర్లు బాగా పెరిగి ఉండాలి. వాటిని పెంచేది ఈస్ట్రోజెన్. అంటే స్విచ్‌కు కూడా ముందు ఎవరో వైరు లాగి ఉండాలన్నమాట.

ఇక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, కార్టిసాల్ దగ్గరికి వద్దాం. ఇవి కొవ్వులో కరిగే స్టెరాయిడ్లు. కణం పొరను దాటి లోపలికి పోతాయి. లోపల వీటి కోసమే ఉన్న రిసెప్టర్ ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. ఆ జంట కేంద్రకంలో డీఎన్ఏ మీద తమకు సరిపడే చోటు వెతుక్కుని కూర్చుంటుంది. అప్పుడు పక్కనున్న జన్యువు నుంచి ఆర్ఎన్ఏ నకలు తయారవడం మొదలవుతుంది, లేదా కొన్నిచోట్ల ఆగిపోతుంది. ఆ నకలు కేంద్రకం బయటికి వచ్చి రైబోజోముల మీద ప్రోటీన్‌గా మారుతుంది. ఆ ప్రోటీనే మనం మాట్లాడుకుంటున్న ఎంజైమ్.

ఈ సంగతి తేలిన తీరు తెలుసుకోదగ్గది. ఒకప్పుడు ఈస్ట్రోజెన్ తానే ఏదో ఎంజైమ్ చర్యలో పాల్గొని, మార్పు చెందుతూ పనిచేస్తుందని అనుకునేవారు. 1950ల చివర్లో అమెరికాలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఈస్ట్రడయోల్‌ను (ఈస్ట్రోజెన్లలో ఒక రకం) ఎదగని ఆడ ఎలుకలకు ఇచ్చి, అది ఏ అవయవంలో ఎంతసేపు ఉంటుందో చూశారు. రక్తంలో, మామూలు కండరంలో అది త్వరగా తగ్గిపోయింది. గర్భసంచిలో, యోనిలో మాత్రం గంటల తరబడి నిలిచింది. అదీ రసాయనికంగా ఏ మార్పూ లేకుండా, ఇచ్చింది ఇచ్చినట్టే. మార్పు చెందలేదంటే అది ముడిసరుకు కాదు, కబురు మాత్రమే. ఆ కబురును పట్టుకునేది గర్భసంచిలో ఉంది, మామూలు కండరంలో అంతగా లేదు. ఆ తర్వాత ఆర్ఎన్ఏ తయారీని అడ్డుకునే ఆక్టినోమైసిన్ ఇచ్చి చూస్తే, ఈస్ట్రోజెన్ ఇచ్చినా గర్భసంచి పెరగలేదు. హార్మోన్ ఉంది, రిసెప్టర్ ఉంది, నకలు మాత్రం తీయనివ్వలేదు, పని ఆగిపోయింది. నీ ప్రశ్నకు సగం జవాబు ఈ ప్రయోగాల్లోనే ఉంది.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయానికి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్ల దారి వేరు. ఇవి పెద్ద ప్రోటీన్లు, కణం లోపలికి పోలేవు. బయట పొర మీదున్న రిసెప్టర్‌ను తట్టుతాయి. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది కైనేజ్ ఎంజైములను మేల్కొల్పుతుంది. చివరికి కబురు కేంద్రకానికే చేరి జన్యువులు పలుకుతాయి. ఈ సైక్లిక్ ఏఎంపీ సంగతి తేల్చినందుకే ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

అండాశయంలో దీన్ని కళ్లకు కట్టినట్టు చూడొచ్చు. అండం పెరిగే బుడగ గోడలో బయటి వరుస కణాలు ఎల్‌హెచ్ మాట విని మగ హార్మోన్ల రకం స్టెరాయిడ్లు తయారుచేస్తాయి. లోపలి వరుస కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని అరోమటేజ్ అనే ఎంజైమును తయారుచేస్తాయి. బయటి వరుస ఇచ్చినదాన్ని ఈ అరోమటేజ్ ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. బర్రె ఎదకు వచ్చినప్పుడు నువ్వు చూసే జిగట తీగ, అరుపు, మాటిమాటికీ మూత్రం పోయడం, అన్నింటి వెనకా ఉన్నది ఆ ఈస్ట్రడయోలే. మన దగ్గర ఎండాకాలంలో బర్రెలు మూగ ఎదలో ఉండిపోవడం నీకు తెలిసిందే. ఎండ దెబ్బకు, మేత కొరతకు బుడగ సరిగా ఎదగక ఈస్ట్రడయోల్ తక్కువ పుడితే, బయటికి కనిపించే లక్షణాలు కూడా అంతే పలచగా ఉంటాయి.

అండం విడుదల దగ్గర ఇంకా ముచ్చటైన లెక్క ఉంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిన తర్వాత బుడగ గోడలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్ తయారుచేసే ఎంజైమును కొత్తగా పుట్టిస్తాయి. అది వచ్చేది ఎలుకలో సుమారు నాలుగు గంటలకు, ఆవులో సుమారు 18 గంటలకు, గుర్రంలో సుమారు 30 గంటలకు. కానీ ఆ ఎంజైమ్ కనిపించిన తర్వాత అండం విడుదల కావడానికి పట్టే సమయం మాత్రం మూడింటిలోనూ దాదాపు పది గంటలే. అంటే జాతిని బట్టి మారేది ప్రధానంగా ఎంజైమ్ తయారీ మొదలయ్యే సమయం. అది పుట్టాక, గోడను గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కోసే ఎంజైములు కూడా తోడై, గోడ పలచబడి తెగుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సెమెన్ వేయమని మీకు నేర్పిన పద్ధతి ఈ ఆలస్యం మీదే ఆధారపడి ఉంది. ఏఐ (కృత్రిమ గర్భధారణ) చేసేటప్పుడు ఎల్‌హెచ్‌ను ఎగసేలా చేసే బుసెరెలిన్ సూది ఇచ్చి "సార్, అండం ఇప్పుడే పడుతుందా" అని అడిగేవాళ్లు చాలామంది. పడదు. దానికి ఒక రోజు పైనే పడుతుంది, ఎందుకంటే మధ్యలో ఎంజైములు తయారు కావాలి.

ఇప్పుడు ఈనడం సంగతి. దీన్ని తేల్చింది గొర్రెల మీద, న్యూజిలాండ్‌లో. 1960లలో గ్రాహం లిగిన్స్ అనే ప్రసూతి వైద్యుడు కడుపులోని గొర్రెపిల్ల పిట్యూటరీని పనిచేయకుండా చేసి చూస్తే, నెలలు నిండినా తల్లి ఈనలేదు. దానికి విరుద్ధంగా కడుపులోని పిల్లకు కార్టిసాల్ గానీ, కార్టిసాల్‌ను పుట్టించే హార్మోన్ గానీ ఎక్కిస్తే తల్లి ముందే ఈనింది. ఎప్పుడు పుట్టాలో నిర్ణయించేది తల్లి కాదు, పిల్ల. నాకు ఈ శాస్త్రమంతటిలోనూ అన్నిటికంటే గొప్పగా అనిపించే విషయం ఇదే.

మరి పిల్ల కార్టిసాల్ చేసేదేమిటి? గొర్రె మాయలో 17-ఆల్ఫా-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమును పుట్టిస్తుంది. అప్పటిదాకా మాయ ప్రొజెస్టెరాన్ తయారుచేసి గర్భసంచిని నిమ్మళంగా ఉంచుతూ వచ్చింది. ఈ కొత్త ఎంజైమ్ రాగానే అదే ప్రొజెస్టెరాన్ ముందుకు మారుతూ, అరోమటేజ్ చేతిలో పడి ఈస్ట్రోజెన్ అవుతుంది. ఒక్క ఎంజైమ్ రాకతో నిలిపే హార్మోన్ తగ్గింది, కదిలించే హార్మోన్ పెరిగింది. ఆ ఈస్ట్రోజెన్ మళ్లీ గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్ ఎంజైములను, ఆక్సిటోసిన్ రిసెప్టర్లను పుట్టిస్తుంది. నొప్పులు మొదలవుతాయి. డాక్టర్ గారు ఇచ్చిన డెక్సామెథాసోన్ ఈ పిల్ల కార్టిసాల్‌కు బదులుగా పనిచేసింది. సూది వేసిన గంటలో కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఈనడానికి కారణం కూడా ఈ మెట్లన్నీ ఎక్కాల్సి రావడమే. బర్రెలో, ఆవులో అండాశయం మీద, అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లుటియం అనే ముద్ద కూడా ప్రొజెస్టెరాన్ ఇస్తుంటుంది కాబట్టి అదీ కరగాలి. క్లోప్రోస్టెనాల్ ఇచ్చింది అందుకే.

లిగిన్స్ ప్రయోగాల్లో బయటపడిన ఇంకో సంగతి మనుషుల ప్రాణాలు కాపాడింది. బతకడానికి వీల్లేనంత ముందుగా పుట్టిన ఆ గొర్రెపిల్లలు కాసేపు ఊపిరి తీశాయి. కార్టిసాల్ వల్ల ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండటానికి కావలసిన పదార్థం ముందే తయారైంది. 1972లో ఆయన, రాస్ హోవీ కలిసి నెలలు నిండకుండా కాన్పయ్యే తల్లుల మీద ఇదే పద్ధతి పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. ఇవాళ అలాంటి తల్లులకు కాన్పుకు ముందు ఇచ్చే స్టెరాయిడ్ సూది అక్కడి నుంచి వచ్చిందే. మీ బర్రె దూడ ముందుగా పుట్టినా ఊపిరి అందుకోవడంలో ఆ డెక్సామెథాసోన్ సాయం కూడా ఉండి ఉండొచ్చు.

గొర్రె అన్నాను కదా అని మేకకూ అదే లెక్క వేయొద్దు. మన గొల్లకుర్మల మందల్లో రెండూ కలిసే తిరుగుతాయి, చూడికాలం కూడా రెండింటికీ దాదాపు ఐదు నెలలే, కానీ లోపలి ఏర్పాటు వేరు. గొర్రెలో సుమారు రెండో నెల నుంచి మాయే ప్రొజెస్టెరాన్ బాధ్యత తీసుకుంటుంది. మేకలో చివరిదాకా అండాశయం మీది కార్పస్ లుటియమే దిక్కు. అందుకే చూడి మేకకు ఏ నెలలో ప్రోస్టాగ్లాండిన్ పడినా గర్భం పోతుంది. చూడిదో కాదో చూసుకోకుండా మందలో ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ సూదులు వేయడం ఎంత నష్టమో దీన్ని బట్టి అర్థం చేసుకో. ఈసుకుపోయిన మేకను చూసి కన్నీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లను కల్వకుర్తి, అచ్చంపేట పల్లెల్లో చూశాను. వాళ్లకు అది పిల్లల ఫీజు డబ్బు.

ఇక మాయ. నీ ప్రశ్నకు మిగతా సగం ఇక్కడ ఉంది.

ఈనే ముందు బర్రె తోక మొదట్లో ఇరువైపులా చేయి పెట్టి చూసే ఉంటావు. మామూలు రోజుల్లో అక్కడి నరం లాంటి పట్టీ తాడులా గట్టిగా తగులుతుంది. ఈనే రోజు దగ్గరపడితే అదే చోట వేళ్లు లోపలికి దిగిపోతాయి, గుంతలు పడతాయి. ఆ పట్టీ అంతా కొల్లాజెన్. హార్మోన్ల ప్రభావంతో అది నీరు పట్టి, వదులై, ఎంజైముల వల్ల కొంత కరిగి మెత్తబడింది. గర్భసంచి ముఖద్వారంలో కూడా అదే జరుగుతుంది. చేతికి దొరికే ఈ గుంతలే లోపల ఎంజైములు ఎంతవరకు పనిచేశాయో చెప్పే గుర్తు. ముందుగా ఈనించిన పశువుల్లో ఆ గుంతలు సరిగా పడకుండానే ఈత జరిగిపోవడం నీకూ కనిపిస్తుంది.

పశువుల మాయ గర్భసంచికి ఒకేచోట అతుక్కుని ఉండదు. డెబ్బై ఎనభై నుంచి నూటికి పైగా బొడిపెల దగ్గర పట్టుకుని ఉంటుంది. ఒక్కో బొడిపెను దగ్గరగా చూస్తే, తల్లివైపు సన్నటి గుంతలు, ఆ గుంతల్లోకి వేళ్లలా దిగిన మాయ పోగులు, రెండింటి మధ్య కొల్లాజెన్ జిగురు కనిపిస్తాయి. చివరి వారాల్లో ఆ గుంతల లోపలి కణాల పొర పలచబడుతుంది. తల్లి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. కొల్లాజెనేజ్ లాంటి ఎంజైములు పెరిగి ఆ జిగురును కోస్తాయి. ఇదంతా రోజుల తరబడి హార్మోన్లు నెమ్మదిగా మారుతూ ఉంటే జరిగే పని. ఆ రెండు వారాలను నలభై ఎనిమిది గంటల్లోకి కుదిస్తే నొప్పులకు కావలసిన ఎంజైములు వస్తాయి, బొడిపెల దగ్గరి పని మధ్యలోనే ఆగుతుంది. పైగా డెక్సామెథాసోన్ తెల్ల రక్తకణాల కదలికను తగ్గిస్తుంది. ఈతను మొదలుపెట్టించిన మందే మాయను విడదీయాల్సిన కణాలను అక్కడికి రానివ్వలేదు. సూదులతో ముందే ఈనించిన పశువుల్లో మాయ నిలవడం ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. డాక్టర్ గారి తప్పు కాదది. తల్లి ప్రాణం కోసం తెలిసే తీసుకున్న నిర్ణయం.

అసలు కొరత ఎంజైముదేనని ఎలా చెప్పగలం? 1990లలో అమెరికాలో టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఐలర్, హాప్కిన్స్ అనే పశువైద్యులు మాయ నిలిచిన ఆవులకు బొడ్డుతాడు రక్తనాళాల గుండా కొల్లాజెనేజ్‌ను ఎక్కించారు. చాలా ఆవుల్లో మాయ విడిపోయింది. ఖర్చు, వీలు దృష్ట్యా అది మన పల్లెల్లోకి వచ్చే పద్ధతి కాదు గానీ, లేనిది ఏమిటో తేల్చి చెప్పింది. ఆక్సిటోసిన్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. అది గర్భసంచిని బిగిస్తుంది. మీ బర్రెకు బిగింపు లోటు కాదు, జిగురు వదలకపోవడం లోటు. ఈస్ట్రోజెన్ సూది ఇద్దామా అని నువ్వు చివర్లో అడిగావు. వద్దు. ఈతకు ముందు రోజుల తరబడి జరగాల్సిన పని ఈత తర్వాత ఒక్క సూదితో జరగదు.

మరి ఇప్పుడేం చేయాలి అంటే, లాగొద్దు. రాయి కట్టొద్దు, చేయి పెట్టి ఒక్కో బొడిపె ఒలవొద్దు. ఒలిస్తే తల్లివైపు కణజాలం చిరిగి, రక్తం కారి, చీము పట్టి, మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది. వేలాడే భాగం నేలకు, పేడకు తగులుతుంటే ఆ కింది భాగం మాత్రం కత్తిరించు. రోజూ పొద్దున, సాయంత్రం జ్వరం చూడు. మేత మానేసినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో పలచటి ఎర్రటి నీరు కారినా వెంటనే డాక్టర్‌ను పిలిచి ఒంట్లోకి యాంటీబయాటిక్ ఇప్పించాలి. మందు ఇచ్చినన్ని రోజులు, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువు దాకా పాలు కేంద్రానికి పోయనివ్వొద్దు. మేత తింటూ, హుషారుగా ఉంటే ఆగు. లోపలి కణజాలం నెమ్మదిగా కరిగి వారం పది రోజుల్లో దానంతట అదే పడుతుంది. కాల్షియం తక్కువగా ఉందేమో కూడా చూపించు. విటమిన్ ఇ, సెలీనియం లోపం ఉన్న మందల్లో వాటిని ఈతకు ముందు ఇస్తే ఈ బాధ తగ్గుతుంది, ఈనాక ఇస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నీ గురించి కూడా చెప్పాలి. క్లోప్రోస్టెనాల్ చర్మం గుండా లోపలికి పోతుంది. రిసెప్టర్ ఉన్న ప్రతి గర్భసంచి దాని మాట వింటుంది, బర్రెదైనా మనిషిదైనా. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సీసాను, సిరంజిని ముట్టకూడదు. కొట్టంలో సాయం పట్టే ఆడవాళ్లకు ఇది ముందే చెప్పు, చేతి మీద పడితే వెంటనే సబ్బుతో కడగమను.

ఈ బర్రెకు మాయ నిలవడానికి కారణం మనకు తెలుసు. కానీ సూది ఇవ్వకుండానే చూడి ఆరేడు నెలలు దాటాక ఈసుకుపోయి మాయ నిలిచిన పశువు కనిపిస్తే, హార్మోన్ల లెక్కకు ముందు గర్భం పోగొట్టే బ్రూసెల్లా అనే క్రిమి గుర్తుకు రావాలి. మోచేతి దాకా గ్లౌజులు లేకుండా ముట్టొద్దు. మనిషికి అంటితే నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. ఆ మాయను, ఈసుకుపోయిన పిండాన్ని కుక్కలకు, చెరువు గట్టుకు వదలకుండా సున్నం వేసి లోతుగా పాతించు. రక్తం శాంపిల్ తీయించి పరీక్షకు పంపించు. ఇంట్లో పెయ్య దూడలుంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా టీకా వేయించు. అందులో ఉన్నది బతికున్న క్రిమి కాబట్టి, ఆ సూది నీ చేతికి గుచ్చుకుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏ టీకా గుచ్చుకుందో డాక్టర్‌కు పేరుతో చెప్పు.